ఎనభై రెండు మంది, ఒకటే మొకం

బుగ్గమ్మను మీరు కలిసి తీరాలి. ఈ మాట మా కాలేజీలో ఇప్పటికే ఇరవై మందికి చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఇబ్రహీంపట్నం పాత బస్టాండు వెనక సందులో మనుమరాలి ఇంట్లో ఉంటుంది. పొద్దున పదిలోపే వెళ్ళండి. ఆ తర్వాత పడుకుంటుంది, లేపితే తిడుతుంది. వయసు తొంభై మూడు. చెవులు సరిగా వినపడవు. కళ్ళ సంగతి మాత్రం వేరు!

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఇంటి ముందు కరెంటు స్తంభానికి బొంగులూరు వెంచరు ఫ్లెక్సీ ఒకటి కట్టి ఉంది. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, వెనక తెల్లటి విల్లా, అందరి మొహాల్లో నవ్వు. రోజూ చూసే ఫ్లెక్సీనే, ఎవరు పట్టించుకుంటారు? బుగ్గమ్మ గడపలో కూర్చుని దాన్నే చూస్తోంది.

"బిడ్డా, గీ నలుగురి మీద ఎండ నాలుగు దిక్కులకెల్లి కొడుతున్నది సూడు. గీళ్ళు ఒక్కింటోళ్ళు కారు. ఏడేడ్నో కోసుకొచ్చి అతికిచ్చిన్రు."

చూశాను. నిజమే. మొగుడి నీడ ఎడమకు పడింది, పెళ్ళాం నీడ కుడికి. చిన్న పిల్లకు అసలు నీడే లేదు. నేను బొమ్మల చరిత్ర చదువుకుంటున్నాను, రెండేళ్ళుగా ఆ స్తంభం పక్కనుంచే బస్సెక్కుతున్నాను, ఏనాడూ నా కంట పడలేదు.

ఆ రోజు నేను వెళ్ళింది ఒక పని మీద. ఒకే బొమ్మను నాలుగు రకాలుగా విమర్శించి రాసుకు రమ్మన్నారు మా సారు. గీత, రంగు, అమరిక మాత్రమే చూసి ఒకసారి. వేసినవాడి బతుకులోంచి ఒకసారి. అందులోని గుర్తుల అర్థాలు విప్పుతూ ఒకసారి. ఆనాటి లోకంలో ఎవరు ఎవరి మీద పెత్తనం చేశారో చూస్తూ ఇంకోసారి. బుగ్గమ్మ తండ్రి బొమ్మలు వేసేవాడని ఎవరో చెబితే పోయాను. ఈ నాలుగు పద్ధతులనూ ఆమె చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పాను. ఆమె పళ్ళు లేని నోటితో నవ్వింది.

"గీ నాలుగు నాకు ఎరుకనే. అన్ని ఒక్కపూటల నా మీదికొచ్చినయి. గప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు."

తర్వాత మూడు పొద్దులు కూర్చోబెట్టి చెప్పింది. మధ్యలో టీ తాగింది, మనుమరాలిని తిట్టింది, మళ్ళీ వదిలిన చోటునుంచే అందుకుంది.

ఆమె బాపు పేరు సామ్యేలు. తోలుపని చేసే ఇంట్లో పుట్టాడు. వయసులో ఉండగా, ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళకు పటాలు వేసిచ్చే ఒక కుటుంబం దగ్గర ఏడేళ్ళు కూలికి రంగులు నూరాడు. నూరుతూ నూరుతూ గీయడం నేర్చాడు. తిరిగొచ్చాక బాప్తిస్మం తీసుకుని సామ్యేలయ్యాడు. అంతకుముందే పుట్టిన పిల్లలు కాబట్టి కొడుకు ఎల్లస్వామి, కూతురు బుగ్గమ్మ పాత పేర్లతోనే మిగిలారు.

పందొమ్మిది వందల నలభై ఐదులో పాస్టరు అడిగితే, ప్రార్థన ఇంటి గోడకు కట్టడానికి సామ్యేలు ఐదు గజాల ముతక బట్ట మీద పెద్ద బొమ్మ వేశాడు. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఏసు వేలమంది ఆకలి తీర్చిన కథ అది. ఆ బట్ట ఇప్పుడు లేదు. చిరిగి పేలికలయ్యాక, పాత పటాలను ఎలా సాగనంపుతారో అలాగే బుగ్గమ్మ దాన్ని చెరువులో వదిలేసింది. అయినా ఆమె కళ్ళు మూసుకుని ఈ మూల నుంచి ఆ మూల దాకా చెబుతుంటే నాకు గోడ మీద కనబడింది.

అందులో సముద్రం మన ఇబ్రహీంపట్నం చెరువే. కట్ట ఉంది, తూము ఉంది. రొట్టెలు జొన్నరొట్టెలు. చేపలు కొరమీనులు. జనం పచ్చికలో చెల్లాచెదురుగా లేరు, మన దావత్‌లో కూర్చున్నట్టు వరుసగా బంతుల్లో ఉన్నారు, ముందు మోదుగాకుల విస్తళ్ళు. ఏసు అందరికంటే రెండింతలు పెద్దగా ఉంటాడు. మిగిలినవాళ్ళు ఎనభై రెండు మంది.

ఎలా వేశాడో వినండి. ముందు చింతగింజల అంబలి, సుద్దమట్టి కలిపి బట్టకు పట్టించి ఆరబెట్టాడు. దాని మీద మొత్తం ఎరుపు పరిచాడు. తర్వాత మొహాలు. ఒక పలచటి మేకతోలు ముక్క మీద ఒక మొహం గీసి, ఆ గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడిచి పెట్టుకున్నాడు. దాన్ని వాళ్ళు అచ్చు అంటారు. అచ్చును బట్ట మీద ఆనించి, పైన బొగ్గుపొడి మూటతో తడితే కింద చుక్కలు పడతాయి. చుక్కలు కలిపితే మొహం. దానికి మీసం పెడితే మగ, ముక్కుపుల్ల పెడితే ఆడ. ఆ తర్వాత రంగులు, ఆపైన మసితో నల్లగీతలు. కళ్ళు మాత్రం అన్నిటికంటే చివర. ఆ రోజు సామ్యేలు ఏమీ తినకుండా, అందరి ముందూ నిలబడి, ఉడుత వెంట్రుకల కుంచెతో ఒక్కొక్కరికీ కనుపాపలు పెట్టాడు. బుగ్గమ్మ ఎనిమిదేళ్ళ నుంచే ఆయనకు రంగులు నూరేది. ఆ బొమ్మలో విస్తళ్ళన్నీ ఆమె చేతివే.

కళ్ళు తెరిపించిన ఆదివారం ఊరు ఊరంతా వచ్చిందట. ప్రార్థనకు ఎన్నడూ రానివాళ్ళూ వచ్చారు.

"అగ్గో, గది నేనే! నా గొంగడి సూడు!"

"నా మోకు, నా ముస్తాదు దింపిండురా సామ్యేలు! కల్లు లొట్టి కూడ మర్వలే!"

"నన్ను జర నల్లగ జేసినవేందే?"

"నువ్వు తెల్లగెప్పుడున్నవ్?"

పటేలు దగ్గర పనిచేసే కృష్ణయ్య అయితే రెండో బంతిలో తనను చూసుకుని పొద్దుగూకేదాకా కదల్లేదు. చెవికి పోగు, చేతిలో వెండిపొన్ను కర్ర. "ఏసు సామికి నేను మూడు మూరల దూరంల ఉన్న" అని నెల రోజులు చెప్పుకు తిరిగాడు. ఆయన క్రైస్తవుడు కూడా కాదు.

ఇంతకీ ఎవరూ గమనించని సంగతి ఏంటంటే, వాళ్ళందరి మొహం ఒకటే! గొంగడిని, మోకును, పోగును చూసి జనం తమను తాము పోల్చుకున్నారు. అద్దం లేని ఇళ్ళు ఎన్నో. ఎవరి మొహం ఎలా ఉంటుందో వాళ్ళకే సరిగా తెలియదు, కానీ గొంగడి అంచు తెలుసు.

ఒక్క మనిషి తప్ప. మూడో బంతిలో వంగి చేప వడ్డిస్తున్న మనిషికి అచ్చు వాడలేదు సామ్యేలు. ఒక మధ్యాహ్నం కొడుకు ఎల్లస్వామిని గుమ్మంలో కూర్చోబెట్టి, చూసి వేశాడు. పెదవి కింద ముందుకొచ్చిన గదవ, ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి దెబ్బ గాటు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు.

"మెడ పట్టింది బాపు."

"జర సప్పుడు జేయకు. ఒక్క గదవనే మిగిలింది."

రంగు నేర్పిన ఇంట్లో ఆయనకు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బతికున్న మనిషిని ఉన్నది ఉన్నట్టు పటంలోకి ఎక్కించకూడదు. ఆయన జీవితంలో ఒక్కసారే ఆ మాట తప్పాడు. "ఎవ్వలకు జెప్పకు" అని బుగ్గమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు.

తర్వాత మూడేళ్ళలో ఆ బొమ్మను ఎంతమంది ఎన్ని రకాలుగా చూశారో! రజాకార్లు ఊరి మీదికి వచ్చినప్పుడు ఇద్దరు తుపాకులతో లోపలికి వచ్చి, "క్యా హై యే?" అన్నారు. "దావత్ సాబ్" అన్నాడు సామ్యేలు. వాళ్ళు ఒక బంతి చూశారు, రెండో బంతి చూశారు, గడ్డం పెట్టుకున్న ఒకాయన కూడా విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు, నవ్వుకుని పోయారు. ఎర్రజెండా సంఘం వాళ్ళు దొర గడీలోని ధాన్యం తీసి పంచిన ఏడు, వాళ్ళూ వచ్చి చూశారు. "గిది మన బొమ్మనే. అన్ని కులాలోళ్ళు ఒక్క బంతిల గూసున్నరు, నడుమల దొర లేడు" అన్నారు. అప్పట్నుంచి దానికి సంఘం బొమ్మ అని పేరొచ్చింది. బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంది, ఒక్క గీత మారలేదు.

నలభై ఏడు చలికాలంలో ఎల్లస్వామి సంఘం దళంలో కలిసిపోయాడు. మరుసటి ఎండాకాలం సామ్యేలు జ్వరంతో పోయాడు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, రజాకార్ల పీడ వదిలిందని ఊళ్ళో డప్పు కొట్టారు. కానీ దొరలు తిరిగి వచ్చారు, వాళ్ళ వెనకే పోలీసు క్యాంపు కూడా వచ్చింది. ఈసారి వెతుకులాట దళాల కోసం. ఎల్లస్వామి పేరు జాబితాలో పైనే ఉంది. పట్టుబడిన వాళ్ళు అందరూ క్యాంపు దాకా చేరడం లేదని ఊళ్ళో చెప్పుకునేవారు. అతనికి కలిసొచ్చింది ఒకటే. క్యాంపులో ఎవరికీ అతని మొహం తెలియదు. ఫొటో లేదు. తల మీద తట్ట పెట్టుకుని వాళ్ళ ముందునుంచే అంగడికి పోయినా పోల్చేవాళ్ళు లేరు. ఊరివాళ్ళను అడిగితే ఒకరు పొట్టి అన్నారు, ఒకరు పొడుగు అన్నారు.

ఆ గుట్టు కాస్తా విప్పింది కృష్ణయ్య. కావాలని కాదు! క్యాంపుకు పాలు తీసుకుపోయినప్పుడు ఇన్‌స్పెక్టరు ముందు గొప్ప చెప్పుకున్నాడు. "మా ఊర్ల ఏసు సామి బొమ్మల నేనున్న దొరా. నేనే గాదు, ఊరంత ఉన్నది. సామ్యేలు ఎవ్వల్ని ఇడ్వలే."

"సామ్యేలు అంటే? ఎల్లస్వామి తండ్రేనా?"

"అవ్ దొరా."

"మరి కొడుకుని వెయ్యకుండా ఉంటాడా?"

తన నోరు చేసిన పని కృష్ణయ్యకు అప్పుడు గాని అర్థం కాలేదట.

నలభై తొమ్మిది మార్చిలో ఒక పొద్దున ఇన్‌స్పెక్టరు ప్రార్థన ఇంటికి వచ్చాడు. ఆంధ్ర ప్రాంతం మనిషి, చదువుకున్నవాడు, గొంతు ఎప్పుడూ పెంచడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు, తల వంచుకున్న కృష్ణయ్య. బుగ్గమ్మ లోపల ఊడుస్తోంది.

ఆయన చాలాసేపు చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మను చూశాడు.

"ఏమ్మా, అంతా ఎర్రగా ఉందేం? జెండా రంగా?"

"మేం ఏ పటమైన మొదలు ఎరుపే పరుస్తం దొరా. ఎరుపు మీద తప్పులు దాగుతయి. మా బాపు సంఘం పేరు ఇననప్పటికెల్లి గంతే."

"అందరూ ఒకే వరుసలో కూర్చున్నారు. మాలలు, మాదిగలు, కాపులు, తురకలు. ఇది సంఘం వాళ్ళ ఆలోచన కాదూ?"

"పాస్టరు సదివితే ఇని ఏసిండు. గా కతల ఎవ్వల్ని లేపి పక్కకు గూసోబెట్టినట్టు లేదంట. లేనిది యాడికెల్లి తెస్తడు?"

ఆయన నవ్వాడు. ఇదిగో, ఇప్పటికే రెండు పద్ధతులు అయిపోయాయి, గమనించారా? నేనైతే నోట్సు రాసుకోవడం మర్చిపోయి వింటున్నాను.

"సరే. ఇందులో మీ అన్న ఎక్కడున్నాడు?"

"లేడు."

"ఊరంతా ఉందటగా. ఏం కృష్ణయ్యా, నువ్వెక్కడ?"

కృష్ణయ్య ఇక ఆగలేకపోయాడు. "అగ్గో దొరా, రెండో బంతిల. వెండిపొన్ను కర్ర."

బుగ్గమ్మకు ఒక్కటే దారి కనబడింది. చీపురు పక్కన పెట్టి, ఇంటికి పోయి, గోడకు వేలాడుతున్న మేకతోలు అచ్చు తెచ్చింది. ఇన్‌స్పెక్టరు ముందే దాన్ని కృష్ణయ్య బొమ్మ మొహం మీద ఆనించింది. ముక్కు, పెదవులు, చెంప, సూది బెజ్జాల కింద గీత గీతకూ సరిపోయాయి. తీసి పక్కన గొంగడి మనిషి మీద ఆనించింది. సరిపోయింది. గడ్డమాయన మీద పెట్టింది. గడ్డం కింద అదే మొహం.

"కిష్టయ్య మామా, నీ ముక్కు గట్లుంటదా? తడిమి సూసుకో. కర్ర నీది, పోగు నీది. మొకం అచ్చుది. ఈడ ఎనభై రెండు మందికి ఒకటే మొకం."

కృష్ణయ్య నిజంగానే ముక్కు తడుముకున్నాడు. ఆయన ముక్కు చప్పిడి. బొమ్మలో కోటేరు.

"అంటే... నేను లేనా?"

"నీ కర్ర ఉన్నది మామా."

కానిస్టేబుళ్ళు గట్టిగా నవ్వారు. ఆ నవ్వుతో అంతా అయిపోవాల్సింది. కానీ ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపాడు. "అచ్చు ఇలా ఇవ్వు."

మొదటి బంతి ఒక్కొక్కరి మీదా పెట్టి చూశాడు. రెండోది చూశాడు. తీరిగ్గా, ఒక్కరినీ వదలకుండా. బుగ్గమ్మ గుండె ఆ అచ్చు వెంటే జరుగుతోంది. మూడో బంతిలో చేప వడ్డించే మనిషి దగ్గరికి వచ్చేసరికి గదవ అచ్చు కింది నుంచి బయటికి పొడుచుకొచ్చింది. కనుబొమ్మ మీద గాటు. ఆయన అచ్చు తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు.

కృష్ణయ్య కూడా వంగి చూశాడు. ఆయన చూపు మారడం బుగ్గమ్మ చూసింది. మూడున్నరేళ్ళుగా తనను తప్ప ఎవరినీ చూడని ఆ మనిషి, మొదటిసారి ఆ మొహాన్ని చూశాడు. ఎల్లస్వామిని చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు. పెదవులు కదిలాయి.

బుగ్గమ్మే ముందు మాట అందుకుంది. "గది తప్పు వోయింది దొరా. తోలు తడిసి జారింది. బాపు సూస్కోలే."

"ఎనభై ఒక్క మందిని సరిగ్గా వేసినవాడు ఒక్కరి దగ్గర తప్పు పోయాడా?" ఇన్‌స్పెక్టరు మెల్లగా అన్నాడు. "కాదమ్మా. మిగతావన్నీ అలవాటు కొద్దీ వేసినవి. ఇదొక్కటే చూసి వేసినట్టుంది. ఈ చెయ్యి మీద ప్రేమ ఉంది. తండ్రి చెయ్యి."

ఎంత సరైన విమర్శ! అదే నాకు ఒళ్ళు జలదరించే సంగతి. ఆ బొమ్మను అందరికంటే బాగా చదివినవాడు, దాన్ని పట్టుకుని ఒక మనిషి ప్రాణం తీయడానికి వచ్చినవాడు.

"తప్పేనంటావు?"

"తప్పే."

"అయితే దిద్దు. రంగులు తెచ్చుకో. నా ఎదురుగా, ఆ మొహం చెరిపేసి అచ్చు మొహం వెయ్యి. మీ నాన్న పొరపాటే కదా, దిద్దడానికి నీకేం కష్టం? నీ చెయ్యి ఎక్కడ ఆగినా ఇది మీ అన్నే అనుకుంటాను, ఈ బట్ట చుట్టి తీసుకుపోతాను. ప్రతి అంగట్లో కడతాను. ఎవడో ఒకడు పోలుస్తాడు."

ఆమె వెళ్ళి సుద్ద తెచ్చింది, ఎర్రరంగుకు ఇంగిలీకం తెచ్చింది, మసి తెచ్చింది, నానబెట్టిన తుమ్మబంక తెచ్చింది. అక్కడే కూర్చుని నూరింది. ఇన్‌స్పెక్టరు బల్ల మీద కూర్చుని, బొమ్మను చూడటం మానేసి ఆమె చేతినే చూస్తున్నాడు.

"నాకు గది తెల్సిపోయింది బిడ్డా," అంది నాతో. "ఆయన నా మొకం గూడ సూస్తలేడు. వేళ్ళనే సూస్తున్నడు. గందుకే అన్నను మనసుల అనుకోలే. విస్తరాకు అనుకున్న. నేను ఏస్త గద, గా విస్తరాకులు. ఇంకొకటి ఏస్తున్న అనుకున్న."

ముందు సుద్ద పూసింది. గదవ పోయింది. గాటు పోయింది. కళ్ళు మాత్రం రెండో పూతకు గాని పోలేదట, సుద్ద తడిలోంచి కాసేపు చూస్తూనే ఉన్నాయట. ఆరనిచ్చింది. అచ్చు ఆనించి బొగ్గుపొడి తట్టింది, చుక్కలు కలిపింది, రంగు నింపింది, మసి గీత లాగింది. చివర కనుపాపలు పెట్టాలి. ఆ రోజు పొద్దున్నుంచి ఆమె ఏమీ తినలేదు, అనుకోకుండానే ఆ నియమం కూడా నిలబడింది. రెండు చుక్కలు పెట్టింది. చెయ్యి ఆగలేదు. గీత ఎక్కడా వెనక్కి తీసుకోలేదు.

ఇన్‌స్పెక్టరు లేచి, ఆరిన రంగు మీద బొటనవేలు రుద్ది చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు. అచ్చు పెట్టి చూశాడు. సరిపోయింది. అప్పుడు కృష్ణయ్య వైపు తిరిగాడు.

"ఇందాక ఇక్కడున్నది ఎవరు? నీకు తెలుసు. చెప్పు."

కృష్ణయ్య కర్ర అటూ ఇటూ మార్చుకున్నాడు.

"గీ బొమ్మల నేనే లేనంట దొరా. ఇగ ఎవలున్నరో, ఎవలు పోయిన్రో నాకేం ఎరుక?"

అది కోపమో, కనికరమో ఇప్పటికీ తేల్చలేనంటుంది బుగ్గమ్మ. ఆ తర్వాత కృష్ణయ్య బతికినన్నాళ్ళూ ఆ ముచ్చట ఎత్తలేదు, ఆమె అడగలేదు. అంగట్లో చూపడానికి ఇప్పుడు ఆ మొహమే లేదు, ఇన్‌స్పెక్టరు బట్టను గోడ మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, "నీకు మంచి చెయ్యి ఉందమ్మా" అని మాత్రం అన్నాడు.

ఎల్లస్వామి దొరకలేదు. పోరాటం విరమించాక, యాభై రెండు మొదట్లో, బక్కచిక్కి ఇంటికి వచ్చాడు. బుగ్గమ్మ కోడిని కోసింది. అతను తినకముందే ప్రార్థన ఇంటికి పోయాడు. తండ్రి పోయినప్పుడు చివరి చూపుకు రాలేకపోయినవాడు, ఆయన చేత్తో వేసింది చూసుకుందామని పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"నేనేడే?"

ఆమె జరిగిందంతా చెప్పింది.

"బాపు బతుకంత ఎవ్వల మొకం సూసి ఎయ్యలే. నన్నొక్కన్నే సూసిండు. గది తుడిసినవా?"

"నిన్ను దొరకనియ్యలే గదనే!"

"దొరికితే దొరుకుదును. అడివిల నాలుగేండ్లు గా బొమ్మ మీదనే పానం వెట్టుకున్న. సచ్చిన గూడ ఈడ ఉంట అనుకున్న. నువ్వు ఎనభై రెండోవాణ్ణి జేసినవ్ నన్ను."

"గట్లనే అను. తిను ముందు."

ఆ పూట తినలేదు. తర్వాత తిన్నాడు, మాట్లాడాడు, చెల్లెలి పిల్లల పెళ్ళిళ్ళు దగ్గరుండి చేశాడు. ఇంకా ముప్పై ఐదేళ్ళు బతికాడు. కానీ ప్రార్థన ఇంట్లో ఎప్పుడు కూర్చున్నా ఆ గోడకు వీపు పెట్టే కూర్చునేవాడట. అతను పోయినప్పుడు ఇంట్లో పెట్టుకోవడానికి ఒక్క ఫొటో లేదు. ఎవరూ తీయలేదు, తీస్తామన్నా ఒప్పుకోలేదు.

నేను ఊరుకుంటానా? చదువుకున్న తెలివి చూపించాను. "అవ్వా, రంగులో బంక కలపకపోతే సరిపోయేది కదా? తర్వాత తడిగుడ్డతో తుడిస్తే పైది పోయి కింద అన్న మొహం బయటపడేది!"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "బంక లేని రంగు వేలికి అంటుతది బిడ్డా. ఆయన వేలు వెట్టి సూసిండని చెప్పిన గద. ఇన్నవా లేదా?"

"వేలు పెడతాడని నీకు ముందే ఎలా తెలుసు?"

"అంత మంచిగ సూడొచ్చినోడు వేలు వెట్టకుంట పోతడా?"

బొమ్మను చదవడం ఒక ఎత్తు, దాన్ని చదివేవాడిని కూడా చదవడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని మా నాలుగు పద్ధతుల్లో ఎక్కడా లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, బడి మొహం చూడనిది, ఆ పని చేసింది. ఆమె మీద నాకు ఎంత గౌరవమో ఈ కాయితాల్లో పట్టదు.

అయినా ఎల్లస్వామి మాట కూడా నన్ను వదలడం లేదు. అందుకే ఆఖరి పొద్దున అడిగేశాను. "మళ్ళీ ఆ రోజే వస్తే అదే చేస్తావా అవ్వా?"

"చేస్త," అంది వెంటనే. మళ్ళీ తనే, "అన్న మాట గూడ అబద్ధం గాదు," అంది.

రాసింది సారుకు ఇచ్చేశాను. ఆయన చదివి, ఎల్లస్వామి వైపే మాట్లాడారు. మా అమ్మ బుగ్గమ్మ వైపు. మా ఇంట్లో ఇప్పుడు అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. మరి మీరైతే? తండ్రి జన్మలో ఒక్కసారి కళ్ళారా చూసి వేసిన మొహం ఎదురుగా ఉంది, చేతిలో కుంచె ఉంది, మీ వేళ్ళనే చూస్తూ ఒకాయన బల్ల మీద కూర్చున్నాడు. మీరేం చేసి ఉండేవాళ్ళు?